అంబాసిడర్‌కు ఇసుజు ఇంజిన్: ఏ రేకు కోయాలి, ఏది ముట్టుకోకూడదు?

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం. నాన్నగారు వాడిన 1972 మోడల్ అంబాసిడర్ మార్క్ 2 మా దగ్గర ఉంది. ఇంజిన్ ఆయిల్ తాగుతోంది, నీలం పొగ కక్కుతోంది. విజయవాడ ఆటోనగర్‌లో ఇసుజు 1800 పెట్రోల్ ఇంజిన్ ఐదు గేర్ల బాక్సుతో సహా దొరికితే అడ్వాన్స్ ఇచ్చాను. మా మేస్త్రి జీపులకు ఇంజిన్లు మార్చడంలో పేరున్న మనిషి. "ముందు భాగంలో అక్కర్లేని రేకంతా గ్యాస్ కటింగ్‌తో లేపేద్దాం. ఇంజిన్ హాయిగా కూర్చుంటుంది, బరువు తగ్గుతుంది, బానెట్ ఎత్తితే నీట్‌గా ఉంటుంది" అంటున్నాడు. మడ్గార్డుల లోపలి రేకులు, రేడియేటర్ ముందున్న పట్టీ, బ్యాటరీ స్టాండు, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కు, మన కాళ్లకు మధ్య ఉండే రేకు గోడ) మధ్య భాగం, గేర్‌బాక్స్ టన్నెల్ (గేర్‌బాక్స్ మీద నేల రేకు ఉబ్బెత్తుగా ఉండే చోటు), అన్నిటి మీదా సుద్దముక్కతో గీతలు పెట్టేశాడు. వచ్చే వారం కోస్తాడట. నాన్న కారు కోయడం అమ్మకు బొత్తిగా ఇష్టం లేదు. నాకేమో టెన్షన్‌గా ఉంది. వీటిలో ఏది కోయొచ్చు, ఏది కోయకూడదు? కోసిన ముక్కలు పాత ఇనుముకు వేసేయొచ్చా?

జవాబు: ముందు ఆ గ్యాస్ సిలిండర్ పని వాయిదా వేయించండి. మీ మేస్త్రి గీసిన గీతల్లో ఒకటో రెండో పనికొస్తాయి, మిగతావి తడిగుడ్డతో తుడిచేయాల్సినవే. అలాగని ఆయనకు పని రాదని నేననడం లేదు. ఆయన చెయ్యి తిరిగింది జీపుల మీద. చిక్కంతా అక్కడే వచ్చింది.

జీపుకు కింద నిచ్చెనలాంటి ఛాసిస్ విడిగా ఉంటుంది. ఇంజిన్, గేర్‌బాక్స్, స్ప్రింగులు అన్నీ దాని మీదే కూర్చుంటాయి. పైన ఉండే బాడీ ఒట్టి తొడుగు. మడ్గార్డు విప్పి పక్కన పెట్టినా, ఫైర్‌వాల్‌కు కిటికీ కోసినా ఛాసిస్ వంగదు. అమెరికాలో 1932 ఫోర్డు లాంటి పాత కార్లకు మడ్గార్డులు, బానెట్ తీసేసి పెద్ద వీ8 ఇంజిన్లు ఎక్కించి తిప్పుతుంటారు. ఆ వీడియోలు మీరూ చూసే ఉంటారు. వాటికీ కింద విడి ఛాసిసే ఉంటుంది కాబట్టి పైన ఎంత రేకు తీసినా నడుస్తుంది.

అంబాసిడర్ అలాంటి బండి కాదు. అది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే ఇంగ్లండు కారు నుంచి వచ్చింది. 1950ల చివర్లో పశ్చిమ బెంగాల్‌లోని హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల ఉత్తరపారా ఫ్యాక్టరీలో మొదలై 2014 దాకా తయారైంది. చూడ్డానికి ట్యాంకులా ఉంటుంది గానీ దానికి విడి ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. నేల రేకు, దాని కింద పెట్టెల్లా మడిచిన లాంగ్ మెంబర్లు, మధ్యలో టన్నెల్, ముందు ఫైర్‌వాల్, మడ్గార్డుల లోపలి ఏప్రాన్లు, అన్నీ కలిపి స్పాట్ వెల్డింగ్‌తో ఒకే డొప్పగా అతికారు. అగ్గిపెట్టె లోపలి అర తీసేసి పై తొడుగును రెండు వేళ్లతో నొక్కి చూడండి. పక్కకు వాలిపోతుంది. అట్ట పలచబడిందా? లేదు. అడ్డుగా నిలబడే గోడ పోయిందంతే. మీ మేస్త్రి అక్కర్లేదంటున్న రేకుల్లో చాలా భాగం అలాంటి అడ్డుగోడలే.

ఇక మీ జాబితాకు వద్దాం.

మడ్గార్డుల లోపలి రేకులు, అంటే ఏప్రాన్లు, అస్సలు ముట్టుకోకండి. ముందు లాంగ్ మెంబర్లను నిలువుగా పట్టి ఉంచేవి అవే. గుంతలో చక్రం పడ్డప్పుడు వచ్చే దెబ్బ లాంగ్ మెంబర్ నుంచి ఏప్రాన్‌కు, అక్కణ్నుంచి ఫైర్‌వాల్ అంచులకు, డోర్ పిల్లర్లకు పాకుతుంది. మధ్యలో ఏప్రాన్ లేకపోతే ఆ భారమంతా లాంగ్ మెంబర్ ఒక్కటే మోయాలి, అదేమో ఫైర్‌వాల్‌ను కలిసే మూల దగ్గర చీలిక ఇస్తుంది. ఇలా ఏప్రాన్లు కోసిన అంబాసిడర్ ఒకటి చూశాను. నిలబెట్టి ఉన్నంతసేపూ ఏ లోపమూ కనపడలేదు. ముందు జాకీ పెట్టి లేపగానే డ్రైవర్ వైపు డోరు కొండి పైకి తన్నేసి మూత పడటం మానేసింది. జాకీ దించితే మళ్లీ మామూలుగా పడింది. అంటే ఆ కారు రోడ్డు మీద గుంత గుంతకూ అలా విచ్చుకుని మూసుకుంటోందన్నమాట.

రేడియేటర్ ముందున్న పట్టీ కూడా అంతే. రెండు లాంగ్ మెంబర్ల ముందు కొసలు ఒకదానికొకటి దూరం కాకుండా పట్టుకునే అడ్డదూలం అది. రేడియేటర్ మోయడం దానికి రెండో పని. కొత్త ఇంజిన్ ఫ్యాన్ నిజంగానే దానికి తగిలేలా ఉంటే, ఫ్యాన్ తీసేసి రేడియేటర్ ముందు వైపు ఎలక్ట్రిక్ ఫ్యాన్ బిగించండి. పట్టీ అలాగే ఉంటుంది. అంబాసిడర్ ఇంజిన్ రూమ్ సంగతి మీకు తెలియనిదా? ఒక మనిషి లోపలికి దిగి నిలబడి రిపేరు చేసుకునేంత చోటుంటుంది. అందులో 1800 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు చోటు చాలదంటే ఎవరూ నమ్మరు.

బ్యాటరీ స్టాండు, పాత హారన్ పట్టీలు, రెగ్యులేటర్ పట్టీ, పాత ఇంజిన్ మౌంటింగుల బ్రాకెట్లు మాత్రం తీసుకోవచ్చు. నిజంగా అక్కర్లేని రేకు అంటే ఇదే. ఒక్క జాగ్రత్త. కొత్త ఇంజిన్ కూర్చుని, వైరింగ్ అయ్యాక, బ్యాటరీ ఎక్కడికి పోతుందో తేలాక తీయండి. ముందే తీసేసి, ఆనక కొత్త స్టాండు వెల్డింగ్ చేయించుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

బరువు తగ్గుతుందన్న మాట గురించి ఒక చిన్న లెక్క. ఒక మిల్లీమీటరు మందం ఉన్న స్టీలు రేకు చదరపు మీటరుకు 8 కిలోల లోపే తూగుతుంది. చదరపు అడుగు రేకైతే ముప్పావు కిలో. మీ మేస్త్రి గీసిన ఏప్రాన్లు, పట్టీలు అన్నీ కలిపినా వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కిలోలు తగ్గుతాయి. టన్నుకు పైనే తూగే కారులో అదొక లెక్క కాదు. డిక్కీలో పడేసి తిప్పే పాత సామాను తీసేసినా అంత బరువు తగ్గుతుంది.

ఇప్పుడు అసలు కోత దగ్గరకు వద్దాం. మీ మార్క్ 2కు నాలుగు గేర్లు, గేర్ రాడ్ స్టీరింగ్ పక్కన ఉంటుంది. ఇసుజు ఇంజిన్‌తో వచ్చే ఐదు గేర్ల బాక్సుకు గేర్ రాడ్ నేల మీంచి పైకి వస్తుంది. అంబాసిడర్ 1800 వచ్చినప్పుడు కంపెనీ కూడా అలాగే ఇచ్చింది. కాబట్టి టన్నెల్ మీద గేర్ రాడ్‌కు రంధ్రం కావాలి. ఇది తప్పదు. దానితోపాటు బాక్సు ఒళ్లు ఎక్కడైనా టన్నెల్‌కు ఒరుసుకుంటే అక్కడ కొంచెం చోటు చేయాలి. మీ జాబితా మొత్తంలో నేను ఒప్పుకునే కోత ఇదొక్కటే. అదీ ఇంజిన్‌ను లోపల వేలాడదీసి చూశాకే.

వేలాడదీయడం అంటే చైన్ బ్లాక్‌కు కట్టి ఒట్టి ఇంజిన్ దించి చూడటం కాదు. హెడ్డు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, స్టార్టర్, ఆల్టర్నేటర్, ఆయిల్ సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), గేర్‌బాక్స్, క్లచ్ లీవరు, ఎయిర్ ఫిల్టరు, అన్నీ బిగించి దించాలి. ఒట్టి బ్లాకు ఎక్కడైనా పడుతుంది, ఆనక సంప్ స్టీరింగ్ రాడ్లకు తగులుతుంది, మానిఫోల్డు రేకుకు ఆనుతుంది. అప్పుడు మేస్త్రి మళ్లీ గ్యాస్ కటింగ్ మొదలుపెడతాడు. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుందని కూడా మరవద్దు. యాక్సిలరేటర్ తొక్కగానే ఒక పక్కకు ఒరుగుతుంది. అందుకని చుట్టూ ఎటు చూసినా కనీసం అంగుళం సందు ఉండేలా చూసుకోండి. ఎగ్జాస్ట్ వైపు ఇంకా ఎక్కువ ఉండాలి, మధ్యలో వేడి ఆపే రేకు కూడా పెట్టాలి.

సంప్ కింది క్రాస్ మెంబర్‌కు, అంటే కారుకు అడ్డంగా ఉండే దూలానికి, తగిలితే? క్రాస్ మెంబర్ కోయమంటారు, ఒప్పుకోకండి. సంప్ మార్చండి. ఇక్కడ ఒక ప్రశ్న అడగాలి. మీరు అడ్వాన్స్ ఇచ్చిన ఇంజిన్ ఏ బండిలోంచి తీసింది? ఇసుజు 1800 ఇంజిన్ 1990లలో అంబాసిడర్‌కు వచ్చింది, అదే కంపెనీ కారు కాంటెస్సాకు అంతకు ముందే వచ్చింది. రెండు కార్ల బాడీలూ వేరు కాబట్టి ఇంజిన్ చుట్టూ ఉండే సామాను అచ్చంగా ఒకటే ఉంటుందని అనుకోకండి. అంబాసిడర్‌లోంచి తీసినదైతే మీ అదృష్టం. ఆ సంప్, ఆ మౌంటింగులు, గేర్‌బాక్స్ కింది క్రాస్ మెంబర్, ప్రొపెల్లర్ షాఫ్టు, గేర్ రాడ్ బూటుతో సహా అడగండి. ఇంకో అడుగు ముందుకెళ్లి, ఆ తుక్కు కారు నేలలోంచి గేర్ రాడ్ రంధ్రం ఉన్న టన్నెల్ ముక్కను చుట్టూ నాలుగంగుళాలు ఎక్కువ ఉంచి కోసి ఇమ్మనండి. ఇనుము ధరకే ఇస్తారు. కంపెనీ అచ్చులో ఒత్తిన ఆ ముక్కను మీ టన్నెల్‌లో అతికిస్తే, ఏ టింకరూ చేత్తో మడిచి అంత బాగా చేయలేడు.

అలాంటి ముక్క దొరకలేదనుకోండి. అప్పుడు ముందు సుత్తి, ఆ తర్వాతే కటింగ్ వీల్. అర అంగుళం లోపు ఒరుసుకుంటుంటే, వెనక డాలీ (ఆనించి పట్టే ఇనుప దిమ్మ) పట్టి లోపలి నుంచి మెల్లగా కొట్టి రేకును ఉబ్బించొచ్చు. కోత అక్కర్లేదు. అంతకు మించి కావాలంటే మిల్లీమీటరు మందం కటింగ్ వీల్‌తో కోయాలి. మూలలు చతురస్రంగా కోస్తే రేపు చీలిక అక్కడే మొదలవుతుంది. అందుకని ముందు నాలుగు మూలల్లో డ్రిల్లుతో గుండ్రంగా రంధ్రాలు పెట్టి, వాటిని కలుపుతూ కోయించండి. కోసిన అంచును ఊరికే వదలకుండా అర అంగుళం పైకి మడిపించండి, లేదా 16 గేజ్ రేకుతో చుట్టూ రింగు చేసి అతికించండి. పైన వేసే మూత బోల్టులతో ఉంటే రేపు గేర్‌బాక్స్ పనికి లోపలి నుంచి కూడా చెయ్యి అందుతుంది.

టన్నెల్ దగ్గర పనిచేసేటప్పుడు కింద ఏముందో మీ మేస్త్రికి ఒకసారి చూపించండి. అంబాసిడర్‌కు ముందు వైపు కాయిల్ స్ప్రింగులు ఉండవు, టార్షన్ బార్లు ఉంటాయి. ముందు చక్రాల దగ్గర మొదలై నేల కింద వెనక్కు వెళ్లే ఇనుప కడ్డీలు అవి. వాటి వెనక కొస నేల కింది క్రాస్ మెంబర్‌లో బిగుసుకుని ఉంటుంది. కారు ముందు బరువంతా ఆ కడ్డీలు మెలితిరిగి మోస్తుంటాయి. ఆ క్రాస్ మెంబర్ చుట్టుపక్కల రేకు కోసినా, దాని బోల్టులు ఊరికే వదులు చేసినా ప్రమాదం. మెలిక మీదున్న కడ్డీ జారితే చెయ్యి విరుగుతుంది. గేర్‌బాక్స్ చోటు కోసం చూసేవాళ్ల కళ్లు సరిగ్గా అక్కడికే పోతాయి కాబట్టి ఇంత చెబుతున్నాను.

ఫైర్‌వాల్ మధ్య భాగం కోయాలా? అంబాసిడర్ ఇసుజు ఇంజిన్‌కు అవసరం పడకూడదు. పడిందంటే ఇంజిన్‌ను మరీ వెనక్కు కూర్చోబెడుతున్నారని అర్థం. మౌంటింగులు అంగుళం ముందుకు జరపమనండి. అదీగాక ఫైర్‌వాల్ అంటే మంటకు, మీ కాళ్లకు మధ్య ఉన్న గోడ. దాని మీద ఛాసిస్ నంబరు ప్లేటు గానీ, నంబరు కొట్టిన చోటు గానీ ఉందేమో వెతకండి. ఎక్కడ కనపడితే అక్కడ రంగు టేపు అంటించి, ఇక్కడ చెయ్యి పడకూడదని అందరికీ చెప్పండి. ఆ రేకు పోతే కాగితాల మీద మీ కారు లేనట్టే.

ఇక పద్ధతి. గ్యాస్ కటింగ్ ఎందుకు వద్దంటే, పలచటి రేకు ఆ వేడికి అలలు అలలుగా వంకర పోతుంది. కోత పక్కన జానెడు దూరం రంగు, కింది ప్రైమరు కాలిపోయి నెలల్లో తుప్పు పడుతుంది. పాత కార్లలో రేకుల మీద తారు లాంటి పూత, సీట్ల కింద జనపనార, లోపలి వైరింగు ఉంటాయి, నిప్పురవ్వ పడితే చాలు. పెట్రోల్ ట్యాంకు దించి బయట పెట్టించండి. ట్యాంకు ఖాళీ చేశాం కదా అని వదిలేయొద్దు. నిండుగా ఉన్న ట్యాంకు కంటే ఆవిరితో నిండిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. బ్యాటరీ కనెక్షన్ తీసెయ్యండి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ షెడ్డులో ఎక్కడో కాకుండా కారు పక్కనే ఉండాలి. పాత రంగులో సీసం ఉండొచ్చు కాబట్టి గ్రైండింగ్ చేసేవాళ్లకు కర్చీఫ్ కాదు, సరైన మాస్కు కావాలి.

మొదటి రోజు ఒక్క కోత కూడా ఉండకూడదు. బానెట్, బంపర్లు, గ్రిల్, ముందు మడ్గార్డులు బోల్టులు విప్పి తీయించండి. ఇవి తీసేసరికే లోపల ఎంత చోటుందో కనపడి, మీ మేస్త్రి గీతల్లో సగం ఆయనే చెరిపేసుకుంటాడు. తర్వాత కారును చక్రాల మీద నిలబెట్టి కొలతలు రాయించండి. ఎడమ ఏప్రాన్ మీది ఒక రంధ్రం నుంచి కుడి వైపు ఫైర్‌వాల్ మూలకు, అటు నుంచి ఇటు, కర్ణాలు రెండూ. నాలుగు డోర్ల సందులు పైనా కిందా. తాపీ మేస్త్రీలు వాడే తూకం గుండు లాంగ్ మెంబర్ల కొసల నుంచి వేలాడదీసి నేల మీద గుర్తులు పెట్టించండి. ఆ కాగితం మీ దగ్గర పెట్టుకోండి. కోత, వెల్డింగ్ అన్నీ అయ్యాక అవే కొలతలు మళ్లీ రావాలి. రెండు మూడు మిల్లీమీటర్లు దాటి తేడా వస్తే పని అక్కడ ఆపించి, కారణం తేల్చాకే ముందుకు పోనివ్వండి. టన్నెల్ కోయడానికి ముందే, ముందు వైపు డోర్ల చోట్లో అడ్డంగా అంగుళం చదరపు పైపులు తాత్కాలికంగా బిగిస్తే ఇంకా భరోసా. కోసేటప్పుడు కారు నడుము కింద జాకీ పెట్టకూడదు. బరువు చక్రాల మీదే ఉండాలి, లేదా సస్పెన్షన్ కింద స్టాండ్ల మీద ఉండాలి.

బ్యాటరీ స్టాండు, బ్రాకెట్ల లాంటివి తీయడానికి మంచి పద్ధతి స్పాట్ వెల్డులను డ్రిల్ చేయడం. వైర్ బ్రష్‌తో రంగు గీకేస్తే రెండు రేకులు కలిసిన చోట చిటికెన వేలి గోరంత గుండ్రటి గుంటలు వరసగా కనపడతాయి. సరిగ్గా మధ్యలో పంచ్‌తో గుర్తు పెట్టి, స్పాట్ వెల్డ్ డ్రిల్ బిట్ వేయాలి. సాధారణంగా 8 మిల్లీమీటర్లది సరిపోతుంది. మామూలు బిట్ మొన కింది రేకులోకి కూడా దిగిపోతుంది. ఈ బిట్ కొస దాదాపు చదునుగా ఉండి పై రేకును మాత్రమే కోస్తుంది. పై రేకు తెగగానే వచ్చే తురుము రంగు మారుతుంది, చేతికి కూడా తెలుస్తుంది. అక్కడ ఆపాలి. అన్నీ డ్రిల్ చేశాక సందులో పలచటి ఉలి పెట్టి చిన్నగా తడితే బ్రాకెట్ చెక్కుచెదరకుండా ఊడి వస్తుంది. కింది రేకు నున్నగా మిగులుతుంది. గ్యాస్‌తో అయిదు నిమిషాల్లో అయ్యే పనికి ఇలా ఒక పూట పడుతుంది, మేస్త్రి విసుక్కుంటాడు. ఆ పూట కూలి విడిగా ఇస్తానని ముందే చెప్పండి.

అతికించేటప్పుడు మిగ్ వెల్డింగ్ ఉన్న షెడ్డు చూసుకోండి, సీఓ2 వెల్డింగ్ అన్నా అదే. గీతలా ఒకేసారి లాగకుండా ఇక్కడొక చుక్క, అటు కొసన ఒక చుక్క, చల్లారనిచ్చి మధ్యలో ఇంకోటి, అలా పోవాలి. ఆ తర్వాత రెండు వైపులా జింక్ ప్రైమరు, అతుకుల మీద సీలెంటు. పుట్టీతో కప్పేస్తే మాత్రం ఒప్పుకోవద్దు. మన గోదావరి జిల్లాల గాలిలో తేమకు పుట్టీ కింద ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇవన్నీ ఇనుము సంగతులు. కాగితాల సంగతి ఇంకా పెద్దది, మీ ఉత్తరంలో దాని ప్రస్తావనే లేదు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజిన్ మారిస్తే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. మీ ఆర్‌సీలో 1489 సీసీ అని ఉంటుంది. కొత్తది 1817 సీసీ, ఇంజిన్ నంబరు వేరు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా మార్పులు చేయకూడదని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. అందుకని మిగతా డబ్బు కట్టే ముందే ఆర్‌టీఓ ఆఫీసుకు వెళ్లి, ఏ ఇంజిన్ పెట్టాలనుకుంటున్నారో రాసిచ్చి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నోటిమాటగా "పర్లేదు, పెట్టుకోండి" అంటే అది చాలదు. ఇంజిన్ అమ్మేవాళ్ల దగ్గర బిల్లు, ఆ ఇంజిన్ వచ్చిన బండి కాగితాల నకలు అడగండి. ఇవ్వకపోతే అడ్వాన్స్ వదులుకోవడమే మేలు. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా చెప్పాలి. చెప్పకపోతే క్లెయిమ్ రోజున ఇదే సాకు అవుతుంది.

ఇంకొకటి, ఇది మీకు ఎవరూ చెప్పి ఉండరు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కారును వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో 'వీఏ' అని వస్తుంది, పదేళ్లు చెల్లుతుంది. 1972 కారుకు ఆ వయసు వచ్చేసింది. అయితే షరతు ఏమిటంటే కారు అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌లో గానీ బాడీ షెల్‌లో గానీ ఇంజిన్‌లో గానీ మార్పులు చేసి ఉండకూడదు. వింటేజ్ నంబరుతో రోజూ ఆఫీసుకు తిరగడం కుదరదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలుకు మాత్రమే. అది మీకు కావాలో అక్కర్లేదో మీ ఇష్టం. ఏప్రాన్ మీద మొదటి కోత పడ్డాక మాత్రం ఆ దారి మూసుకుపోయినట్టే.

నన్నడిగితే, అడ్వాన్స్ వెనక్కు వస్తుందో లేదో ముందు కనుక్కుంటాను. నీలం పొగ, ఆయిల్ ఖర్చు అంటే రింగులు, బోరు, వాల్వు గైడ్లు అరిగాయని. ఆ 1489 సీసీ ఇంజిన్‌కు బోరింగ్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయడం మన ఊళ్లలో లేత్ పనివాళ్లకు కొట్టిన పిండి. దేశమంతా దశాబ్దాల తరబడి టాక్సీలుగా తిరిగిన ఇంజిన్ అది. మీకు రోజూ హైవే మీద తిరిగే కారే కావాలనుకుంటే ఇసుజు మంచిదే, కాదనను. సుమారు 50 హార్స్ పవర్ ఉన్న చోట 75 వస్తుంది, అయిదో గేరు ఉంటుంది. అలాంటప్పుడు మీ మార్క్ 2కు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే అన్నది మరవొద్దు. పరుగు పెంచి ఆపే శక్తి అలాగే వదిలేస్తే అది ఇంజిన్ మార్పిడి కాదు, ప్రమాదం కొనుక్కోవడం. డ్రమ్ములు, లైనింగులు, సిలిండర్లు, పైపులు కొత్తవి వేయించడం ఆ బడ్జెట్‌లోనే పెట్టుకోండి.

అమ్మగారితో మాట్లాడేటప్పుడు కోస్తున్నాం అనే మాట వాడకండి, నిజంగా కోసేది టన్నెల్‌లో ఒక రంధ్రమే అయితే అదే చూపించండి. పాత ఇంజిన్ అమ్మడం లేదని కూడా చెప్పండి. నిజంగానే అమ్మకండి. సిలిండర్లలో ఆయిల్ పోసి, రంధ్రాలు మూసి, చెక్క స్టాండు మీద ప్లాస్టిక్ కవరు చుట్టి పెట్టండి. నాన్నగారి ఆర్‌సీలో ఉన్న నంబరు దాని మీదే ఉంది.

చివరి ప్రశ్న, పాత ఇనుముకు వేసేయొచ్చా అని. వద్దు. తీసిన ప్రతి బ్రాకెట్‌కూ తీగతో చీటీ కట్టి, ఎక్కడిదో రాసి, బోల్టులను దాని సంచిలోనే వేసి ఉంచండి. టన్నెల్ లోంచి కోసిన ముక్క కూడా పారేయకండి. ఇన్‌స్పెక్షన్‌లో అభ్యంతరం వచ్చి పాత బాక్సు, పాత గేర్ రాడ్ మళ్లీ పెట్టాల్సి వస్తే, ఆ ముక్కే తిరిగి అదే చోట అతుక్కుంటుంది. మేస్త్రితో లేబర్ మాట్లాడుకునేటప్పుడు మొత్తం పనికి ఒకే రేటు మాట్లాడకండి. విప్పడానికి ఒక రేటు, ఇంజిన్ వేలాడదీసి కొలతలు చూపించడానికి ఒక రేటు, మీరు చూసి సరే అన్నాకే కోతకు ఒక రేటు. హోల్‌సేల్‌గా మాట్లాడితే త్వరగా తేలే పని ఆయనకు లాభం, త్వరగా తేలేది గ్యాస్ కటింగే. వేలాడదీసిన రోజు టన్నెల్, సంప్, ఎగ్జాస్ట్ వైపు ఫోటోలు తీసి స్కేలు పక్కన పెట్టి పంపండి, ఎక్కడ ఎంత సందు ఉందో చూసి మళ్లీ రాస్తాను.